ఒక్క పేరే పట్టే గడి

మొన్న ఒక కోటు జేబులో మడత పెట్టిన కాగితం దొరికింది. మా లాండ్రీలో జేబుల్లో ఏం దొరికినా కవర్లో వేసి, అదే బట్టకి పిన్ను గుచ్చి తిరిగి పంపాలని మా అత్తయ్య పెట్టిన రూలు. చదవకూడదని రూల్లో లేదు. అందుకని చదివాను.

అవకాశాలు దొరక్క సొంతంగా సినిమాలు తీసుకునేవాళ్ళకి ఆసరాగా పెట్టిన ఒక కేంద్రం తాలూకు కాగితం అది. నున్నటి కాగితం, రంగుల బొమ్మలు. లోపల పెద్దక్షరాలతో మూడు నియమాలు వేశారు. కెమెరా అందరిదీ, వంతుల ప్రకారం చేతులు మారుతుంది. చూసినవాళ్ళందరూ మాట్లాడటం అయ్యేదాకా, సినిమా చూపించినవాళ్ళు నోరు విప్పకూడదు. ఏ సినిమా చివరా ఒక్కరి పేరు ఉండదు, "ఇది మా అందరిదీ" అని మాత్రమే ఉంటుంది. కాగితం అడుగున, వ్యవస్థాపకురాలు అని చెప్పి ఒక పేరుంది. ఒక్కటే పేరు.

నవ్వొచ్చింది. ఏడుపు ఎప్పుడో అయిపోయింది లెండి.

ఆ మూడు నియమాలూ పుట్టింది మా ఇస్త్రీగదిలో. పెట్టింది నేను. మూడోదయితే, వద్దన్నవాళ్ళతో పోట్లాడి మరీ పెట్టాను.

ఆ వేసవి అంతా, ఆదివారం వచ్చిందంటే మా లాండ్రీ మేడ మీద ఏడుగురం చేరేవాళ్ళం. ఏడుగురికీ ఫ్యాను ఒక్కటే. వారమంతా ఇస్త్రీలతో ఉడికిన గది, సెలవు రోజైనా చల్లబడేది కాదు. గది చీకటి చెయ్యడానికి, ఒక హోటల్ వాళ్ళు ఉతకడానికి వేసిన మందపాటి కర్టెన్లు కిటికీలకి కట్టేవాళ్ళం. గోడకి ఆసుపత్రి దుప్పటి. సోమవారం పొద్దున్నే కర్టెన్లు హోటలుకి, దుప్పటి ఆసుపత్రికి వెళ్ళిపోయేవి. తమ కర్టెన్లు అన్ని సినిమాలు చూశాయని ఆ హోటలు వాళ్ళకి ఈనాటికీ తెలియదు.

ఎవరెవరు వచ్చేవాళ్ళంటే, ఒక బస్సు కండక్టరమ్మ ఉండేది. మొదటి ట్రిప్పులో నిద్రపోయే మొహాల్ని సెల్‌ఫోన్‌లో తీసేది. ఇరవై ఆరేళ్ళు ఒక సినిమాహాలు గేటు దగ్గర టికెట్లు చింపి, ఆ హాలు మూసేశాక దాని మీదే సినిమా తియ్యాలని పట్టుకున్న పెద్దాయన ఉండేవాడు. గేటాయన అనేవాళ్ళం. ఒక నర్సు, ఆవిడ తెచ్చిన మరో ముగ్గురు నర్సులు. ఏ స్టూడియో గుమ్మమూ ఎక్కనివ్వని బాపతు అందరూ. ఏడోదాన్ని నేను. అందరూ నన్ను కత్తెరక్క అనేవాళ్ళు.

ఎందుకంటే పదకొండేళ్ళు ఒక ఎడిటింగు గదిలో అసిస్టెంటుగా చేశాను. ముప్ఫై రెండు సినిమాలు. ఒక్కదాంట్లో కూడా నా పేరు పడలేదు. మా అమ్మ బతికున్నన్నాళ్ళూ ప్రతి సినిమాకీ వెళ్ళి, అందరూ లేచిపోయినా చివరి అక్షరం దాకా నిలబడేది. "ఉండవే, ఇంకా వస్తున్నాయిగా" అనేది. హాల్లో లైట్లు వేసేసేవాళ్ళు. ఆ గది మూతపడ్డాక మా అత్తయ్య లాండ్రీలో ఇస్త్రీకి చేరాను. అక్కడ ఫిల్ములో ముడతలు తీసేదాన్ని, ఇక్కడ చొక్కాల్లో తీస్తున్నాను, అంతే తేడా అని మా ఆయన జోకు. ఆయన లాండ్రీ వ్యాను నడుపుతాడు. జోకులు కూడా అలాగే నడుపుతాడు, ఎవరి కాలి మీద ఎక్కిందో చూసుకోడు.

వేసవి మొదట్లోనే మా ఆడపడుచు ఇంటికొచ్చింది. ఇంట్లో అందరం చిట్టి అంటాం. ఏదో టీవీ చానల్లో చేసేది. ఒకేరోజు నలభై మందిని తీసేశారట, అందులో తనూ ఉంది. రెండు పెట్టెలతో వచ్చి వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మొదటి ఆదివారం మెట్ల మీద కూర్చుని తొంగిచూసింది. తర్వాత వారం లోపలికొచ్చి, గేటాయన మాట్లాడుతుంటే లైటు పట్టుకుంది. ఆ పై వారానికల్లా "మనం" అనడం మొదలుపెట్టింది. నాకు సంతోషమే వేసింది. పిల్ల తేరుకుందనుకున్నాను.

పేరు సంగతి తేల్చిన ఆదివారం బాగా గుర్తు.

"పేర్లు వద్దు," అన్నాను నేను. "పేరనేదే లేకపోతే, దాన్ని మింగేవాడూ ఉండడు. నాది ముప్ఫై రెండుసార్లు మింగారు. ఇక్కడ ఆ గొడవే వద్దు. ఎవరు తీసినా అందరిదీ."

కండక్టరమ్మ ఒప్పుకోలేదు. "అట్టా కాదక్కా. టికెట్టు మీద కూడా మిషను నెంబరుంటది. ఎందుకు? రేపు ఏదన్నా తేడా వస్తే ఎవరు కొట్టారో తెలియాలిగా."

"మన మధ్య తేడాలెందుకొస్తాయమ్మా?"

"అందరూ దిగేటప్పుడు అదే అంటారు. చిల్లర లెక్కపెట్టుకున్నాకే అసలు మాట వస్తది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చేతులెత్తమంటే ఆరు చేతులు లేచాయి. కండక్టరమ్మ చెయ్యి ఒడిలోనే ఉంది. చిట్టి చెయ్యి లేచింది కానీ, దాన్ని అప్పటికింకా లెక్కలో వెయ్యలేదు. "నాది కూడా రాసుకో వదినా," అంది. రాసుకున్నాను.

కెమెరా మాకు ఒక్కటే, నర్సు వాళ్ళన్నయ్య పాతది ఇచ్చాడు. చీటీలు వేసుకుంటే నా వంతు నాలుగోది వచ్చింది. రెండు వారాలు నా దగ్గరుంటుంది. ఎవర్ని తియ్యాలో నాకు ముందే తెలుసు.

"నా మొహమేం సినిమా?" అంది మా అత్తయ్య. "చూసినవాళ్ళు దడుచుకుంటారు."

"మొహం వద్దులెండత్తయ్యా, చేతులు తీసుకుంటాను."

"చేతులా? వాటికి సిగ్గూ ఎగ్గూ ఎప్పుడో పోయాయి. తీసుకో."

నాలుగు రోజులు చేతులే తీశాను. కాలరు మీద నీళ్ళు చిలకరించడం, గుండీల చుట్టూ ఇస్త్రీపెట్టె ముక్కు తిప్పడం, వేలి చివరతో వేడి చూసి చురుక్కుమన్నా పైకి కనపడనివ్వకపోవడం. ఐదోరోజు మధ్యాహ్నం, కింద మిషన్లు ఆగిన గంటలో, అడక్కుండానే మాట్లాడ్డం మొదలుపెట్టింది. కెమెరా మెల్లిగా పైకి తిప్పాను.

"మా ఆయన పోయి పదహారేళ్ళు. బోర్డు మీద ఇంకా ఆయన పేరే. బతికున్నప్పుడైనా ఒక్క చొక్కా ఉతికిన పాపాన పోలేదు మహానుభావుడు. గల్లా దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్ళ పలకరింపులన్నీ తనే అందుకునేవాడు. ఎవరన్నా మడత చెడిందని తిట్టడానికొస్తే మాత్రం, 'ఏమేవ్, నిన్నే' అని కేకేసేవాడు."

"మరి తర్వాతైనా మీ పేరు రాయించుకోవచ్చుగా అత్తయ్యా?"

ఇస్త్రీపెట్టె నిలబెట్టింది.

"పని నాదని నాకు తెలుసు కదా, అంతకంటే ఏం కావాలి అనుకున్నా. ముప్ఫై నాలుగేళ్ళు అదే అనుకున్నా." చొక్కా ఎత్తి కిటికీ వెలుతురులో పట్టి చూసింది. "చాల్లేదమ్మాయ్."

చొక్కా తగిలించడానికి పక్కకి జరిగింది. ఆవిడ వెనక గోడకి నిలువుటద్దం ఉంది, సూట్లు తయారయ్యాక చూసుకోవడానికి పెట్టింది. అత్తయ్య జరగ్గానే అద్దంలో నేను. నేల మీద ఒక మోకాలు, జుట్టుకి బట్టల క్లిప్పు, నోరు తెరుచుకుని. మూడు సెకన్లుంటుంది ఆ ముక్క.

సినిమా కూర్చేటప్పుడు నా ప్రశ్నలన్నీ తీసేశాను. అడిగినవాళ్ళ గొంతు వినపడకూడదు, అడిగిన జాడే ఉండకూడదు. పదకొండేళ్ళు నేర్చుకున్న పని అది. ఎంత నున్నగా తీశానంటే, అత్తయ్య తనంతట తనే గుండె విప్పుతున్నట్టుంటుంది. "అత్తయ్యా" అన్న పిలుపు ఒక్కచోట కూడా మిగల్లేదు. అద్దం ముక్క దగ్గర మాత్రం చెయ్యి ఆడలేదు. అది తప్పే. మా పాత గదిలోనైతే చీవాట్లు పడేవి. అయినా ఉంచాను.

చూపించిన ఆదివారం ఇరవై రెండు నిమిషాలూ తెర మీది అత్తయ్య గొంతూ, ఫ్యాను చప్పుడూ తప్ప ఏం లేదు. అయిపోయాక గేటాయన గొంతు సవరించుకున్నాడు.

"మధ్యలో లేచి బయటికొచ్చేవాళ్ళని చూసి సినిమా సంగతి చెప్పేసేవాణ్ణమ్మా నేను. ఇవాళ బీడీ కోసం నాకే లేవాలనిపించింది. లేవలేకపోయా."

నర్సు ముక్కు తుడుచుకుంటోంది. రూలు ప్రకారం నేను నోరు మూసుకుని కూర్చున్నాను. లోపల మాత్రం, అమ్మా, నువ్వుండాల్సింది అనుకుంటున్నాను.

అత్తయ్య గుమ్మం దగ్గరే నిలబడి చూసింది, కూర్చోమంటే కూర్చోలేదు. "అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఆ అద్దంలో నువ్వట్టా నోరెందుకు తెరుచుకున్నావే?" అంది. గదంతా గొల్లున నవ్వింది.

"పొరపాటున పడిందత్తయ్యా, తీసేస్తాను."

"ఎందుకు తియ్యడం? ఉండనియ్యి. లేకపోతే నేనేదో పిచ్చిదాన్లా గోడతో మాట్లాడుతున్నట్టుంటుంది."

చిట్టి బట్టల మూటల మీద కూర్చుని ఉంది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది తనే.

పెద్ద ఫెస్టివలొకటి కొత్తవాళ్ళ సినిమాలు అడుగుతోందన్న కబురు కూడా తనే తెచ్చింది. మాలాంటివాళ్ళ కోసమే పెట్టారట ఆ విభాగం. ఏది పంపాలంటే అందరూ అత్తయ్య సినిమానే అన్నారు. ఈసారి కండక్టరమ్మ చెయ్యి కూడా లేచింది.

"ఫారం నేను నింపుతాలే వదినా," అంది చిట్టి. "నీకు ఫారాలంటే తలనొప్పి కదా. నాకు చానల్లో ఇదే పని."

నిజమే, నాకు తలనొప్పే. తప్పించుకున్నందుకు హాయిగా ఊపిరి పీల్చుకున్నాను కూడా.

రెండ్రోజుల తర్వాత, మధ్యాహ్నం ఆసుపత్రి దుప్పట్లు మడతపెడుతుంటే వచ్చి నా పక్కన నిలబడింది. రెండో కొస పట్టుకుంది.

"వదినా, ఒక్కటి చెప్తా, ఏమనుకోవుగా? ఆ అద్దం ముక్క. మనకి తెలుసు కాబట్టి మనకి ముద్దుగా ఉంది. అక్కడ కూర్చునే పెద్దవాళ్ళు చూస్తే, ఎడిటింగు తెలియనివాళ్ళెవరో చేశారనుకుంటారు."

అంతే. ఇంకో మాట అననక్కర్లేకపోయింది. ఎడిటింగు తెలియనివాళ్ళు! నా పదకొండేళ్ళ మీద ఎవరో ఉమ్మేసినట్టయింది. దుప్పటి అక్కడే పడేసి వెళ్ళి, అత్తయ్య చొక్కా ఎత్తడం దగ్గర్నుంచి తగిలించడం దగ్గరికి అతికేశాను. మధ్యలో మూడు సెకన్లు పోయాయన్న సంగతి దేవుడు కూడా కనిపెట్టలేడు. అంత బాగా కుదిరింది. అరగంట పని. అయ్యాక చిట్టిని పిలిచి చూపించి, ఎలా ఉందని మురిసిపోయాను కూడా.

ఎండలు ముదిరాక ఉత్తరం వచ్చింది. సినిమా తీసుకున్నారు. కింద మిషన్ల దగ్గర పనిచేసేవాళ్ళు కూడా పైకొచ్చారు. మా ఆయన వ్యాను హారను ఆపకుండా కొట్టాడు. అందరికీ టీలు పెట్టి పట్టుకొస్తుంటే, నర్సు ఆ ఉత్తరం పైకి చదువుతోంది. చదువుతూ చదువుతూ ఆగిపోయింది.

"అక్కా, ఇక్కడ దర్శకురాలని చిట్టి పేరుంది."

చేతిలో టీ పళ్ళెం ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. చివరికి ఇస్త్రీబల్ల మీదే పెట్టాను, పనిబల్ల మీద టీలు పెడితే అత్తయ్య ఊరుకోదు, ఆవేళ ఆవిడా ఏమీ అనలేదు.

"ఫారంలో ఆ గడిలో ఒక్క పేరే పడుతుంది వదినా," అంది చిట్టి. "'అందరిదీ' అని కొడితే తీసుకోలేదు. నాలుగుసార్లు కొట్టా. ఆఖరి రోజు. ఏదో ఒక పేరు కొట్టాలిగా."

"అయితే నా పేరు కొట్టొచ్చుగా చిట్టీ?"

"పేర్లు వద్దన్నది నువ్వే. అందరిదీ అన్నావు. అందరిలో నేను లేనా?"

ఏమని పోట్లాడను? గొయ్యి తవ్వింది నేను, గట్టు కూడా నున్నగా చేసి పెట్టింది నేను. చిట్టి చేసిందల్లా, పక్కకి జరిగి నన్ను నడవనివ్వడం.

కండక్టరమ్మ లేచి నిలబడింది. "మార్పించండి. ఫోను చేసి, పొరపాటయింది, తీసింది ఈవిడ అని చెప్పండి. ఇప్పుడే, నా ఎదురుగా."

"ఇప్పుడు మారిస్తే మొత్తం కొట్టేస్తారంట," అంది చిట్టి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి దొంగనీళ్ళని నేను అనను. దానికి నిజంగానే భయం వేసింది. మళ్ళీ ఆ రెండు పెట్టెలూ, ఆ మెట్లూ కళ్ళ ముందు కనిపించి ఉంటాయి.

ఏం చెయ్యాలని మా ఆయన్ని అడిగాను. వ్యాను తుడుస్తూ, "ఎవరు చేస్తే ఏముందిలే. నా చెల్లెలేగా, పరాయిదా? కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది," అన్నాడు. ఎవరి కడుపో, ఎవరి కాళ్ళో ఆయన చెప్పలేదు.

అప్పటిదాకా నేననుకున్నదేమిటంటే, నాకు పేరు అక్కర్లేదని. నిజంగానే అనుకున్నాను. ఆ ఉత్తరంలో వేరేవాళ్ళ పేరు చూసిన క్షణంలో తెలిసింది, నాకు కావలసింది అదొక్కటేనని. ముప్ఫై రెండు సినిమాలకి లేకపోయినా ఈ ఒక్కదానికి కావాలి. అడగడానికి సిగ్గేసింది. నేను పెట్టిన రూలు నేనే తప్పుతానా అని ఒక పక్క. అత్తయ్య ఉందిగా, ఆవిడ ఉండగా నాకు అన్యాయం జరగనిస్తుందా అని ఇంకో పక్క. నిజం చెప్పాలంటే ఈ రెండోదాని మీదే ఎక్కువ ఆధారపడ్డాను. ఆ గదిలో ఐదు రోజులు నేల మీద మోకాలేసి కూర్చున్నది ఎవరో ఆవిడకి తెలుసు. "చాల్లేదమ్మాయ్" అని చెప్పింది ఎవరితోనో ఆవిడకి తెలుసు.

ఫెస్టివల్ వాళ్ళు సినిమాకి ముందు చూపించడానికి మా లాండ్రీని, అత్తయ్యని వీడియో తీసుకుంటామన్నారు. వాళ్ళొచ్చే ముందురోజు చిట్టి బోర్డు మార్పించింది. మావయ్య పేరు చెరిపించి అత్తయ్య పేరు రాయించింది. రంగులాయన అక్షరం అక్షరం దిద్దుతుంటే అత్తయ్య రోడ్డుకి అవతల నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసింది. నిచ్చెన కదలకుండా పట్టుకున్నది నేను. నా నెత్తి మీద రెండు చుక్కల నీలం రంగు పడింది, వారం దాకా వదల్లేదు.

వచ్చినవాళ్ళు ఇద్దరు, మర్యాదస్తులు. చెప్పులు బయట విడిచి మేడ ఎక్కారు. అత్తయ్యని కిటికీ పక్కన కూర్చోబెట్టారు. చిట్టి ఆవిడ కుర్చీ వెనకాల. కండక్టరమ్మ డ్యూటీ మానుకుని మరీ వచ్చి గుమ్మంలో నిలబడింది. నేను బల్ల దగ్గరే ఉన్నాను, ఆ రోజు ఇవ్వాల్సిన చొక్కాలు ఇంకా పదో పన్నెండో ఉన్నాయి.

"మీ గురించి సినిమా తియ్యాలన్న ఆలోచన ఎవరిదమ్మా? ఎవరు తీశారు?" అని అడిగింది వాళ్ళల్లో ఒకావిడ, నవ్వుతూ, దారిలో పెట్టడానికి అడిగే మొదటి ప్రశ్నలాగా.

అత్తయ్య తలెత్తి నా వైపు చూసింది. పూర్తిగా చూసింది, తప్పించుకోలేదు. నా చేతిలో ఇస్త్రీపెట్టె ఎత్తింది ఎత్తినట్టే ఉంది.

"మా అమ్మాయి," అంది. చెయ్యి వెనక్కి చాపి చిట్టి చెయ్యి పట్టుకుంది.

నేను కాలరు తిప్పి రెండో వైపు ఇస్త్రీ చేశాను. గుమ్మం దగ్గర కండక్టరమ్మ నన్నే చూస్తోంది. చూపించినవాళ్ళు నోరు విప్పకూడదు. రెండో రూలు. అదీ నాదే.

వాళ్ళు వెళ్ళాక కండక్టరమ్మ నాతోపాటు మెట్ల దాకా వచ్చింది. "నువ్వు నోరు తెరవకపోతే మేం ఏ మొహం పెట్టుకుని అరవాలక్కా? ఇంకో ఇంటి సంగతైతే రోడ్డు మీద పెట్టేదాన్ని. మీ ఇల్లాయె." అని దిగిపోయింది. ఆ తర్వాత ఆదివారం రాలేదు, ఆ పై ఆదివారమూ రాలేదు. ఆవిడ నిద్రమొహాల సినిమా సగంలోనే ఉండిపోయింది. నర్సులు డ్యూటీలు మారాయన్నారు. గేటాయన మాత్రం ఇంకో రెండు వారాలు వచ్చి, కర్టెన్లు కట్టని గదిలో కాసేపు కూర్చుని, నాతో బట్టల సంగతులు మాట్లాడి వెళ్ళేవాడు. ఆయన వంతు ఏడోది. కెమెరా ఆయన దాకా రాకుండానే నర్సు వాళ్ళన్నయ్య దగ్గరికి వెళ్ళిపోయింది.

అత్తయ్య ఆ సంగతి తనే ఎత్తింది, నాలుగైదు రోజుల తర్వాత. ఇద్దరం ఒకే బల్లకి అటూ ఇటూ ఉన్నాం.

"నా మీద కోపమొచ్చిందా?"

"లేదత్తయ్యా."

"వచ్చుంటుందిలే. వస్తే తప్పేం లేదు." దిండుగలేబు తిరగేసింది. "నీకేం అమ్మాయ్, నీకు ఇల్లుంది, మొగుడున్నాడు, చేతిలో పనుంది. రేపు నేను పోయినా ఈ బల్ల నీదే. దానికేముంది చెప్పు? రెండు పెట్టెలు. ఆ రోజు నేను వేరే మాట అంటే, నలుగుర్లో దాన్ని దొంగని చేసినదాన్నవుతాను. కన్నదాన్ని. నా నోటితో నేనెట్టా అంటాను?"

ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. అదే నాకు మండింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. మా ఇంట్లో కోడలి సొమ్ము అత్త దానం చేసింది, పైగా కోడలు నిచ్చెన పట్టుకుంది.

"మీ పేరు బోర్డు మీద లేకపోతే మీకు చాల్లేదు కదత్తయ్యా," అన్నాను. అనకూడదనుకుంటూనే అన్నాను.

ఆవిడ ఇస్త్రీ ఆపలేదు. "చాల్లేదు," అంది. "అందుకే తెలుసు, అది లేకపోయినా చచ్చిపోమని."

ఫెస్టివల్ పెట్టిన హాలు చాలా పెద్దది. చల్లగా ఉంది. ఏడుగురికీ ఒక్క ఫ్యానున్న గది గుర్తొచ్చింది. అత్తయ్యకీ, చిట్టికీ మొదటి వరస. మా ఆయనకీ నాకూ పద్నాలుగో వరస. తెర మీద మా ఇస్త్రీగది గోడంత పెద్దదిగా కనిపించింది. అత్తయ్య వేలు ఇస్త్రీపెట్టెని తాకి వెనక్కి వచ్చినప్పుడు ఎవరో "అబ్బా" అన్నారు. బోర్డు సంగతికి నవ్వారు. "చాల్లేదమ్మాయ్" అన్నప్పుడు ఎవరూ కదల్లేదు. ఆ కోతలన్నీ ఎక్కడున్నాయో నాకొక్కదానికే తెలుసు. ఒక్కటీ కనపడలేదు. నా బతుకులో చేసిన పనుల్లోకెల్లా మంచి పని అది, ఈ మాట ఇంకెవరూ అనరు కాబట్టి నేనే అంటున్నాను.

చివర "ఇది మా అందరిదీ" అని పడింది. దాని తర్వాత, ఫెస్టివల్ వాళ్ళు అతికించిన పలక ఒకటి వచ్చింది, దర్శకురాలి పేరుతో. జనం లేచి చప్పట్లు కొట్టారు. నేనూ లేచాను. మా అమ్మలాగా, లైట్లు వేసేదాకా నిలబడ్డాను. ఇంక ఏమీ రాలేదు. చిట్టి వేదిక మీద బాగానే మాట్లాడింది. దిక్కులేనివాళ్ళకి ఒక గది కావాలని, ఒకరి వెనక ఒకరు నిలబడాలని చెప్పింది. ఆ మాటలు కూడా మా ఆదివారాలవే, చాలావరకు గేటాయనవి. ఆ వేదిక మీదే దానికి, ఆ కేంద్రానికి డబ్బు పెట్టిన పెద్దలు పరిచయమయ్యారు. తర్వాతి సంగతి కోటు జేబులో దొరికిన కాగితంలో ఉంది.

చిట్టి వాళ్ళతో ఉండిపోయింది. మేం ముగ్గురం లాండ్రీ వ్యానులోనే ఇంటికి బయల్దేరాం. సాయంత్రం. ఆ ఏటి మొదటి వాన అప్పుడే మొదలైంది. వెనకాల తగిలించిన సూట్లు మలుపు తిరిగినప్పుడల్లా మా భుజాలకి తగులుతున్నాయి. మా ఆయన ఏదో జోకు వెయ్యబోయి, అద్దంలో నా మొహం చూసి మానేశాడు. అత్తయ్య చటుక్కున నా వైపు తిరిగింది.

"అవునూ, ఆ అద్దంలో నువ్వుండేదానివి కదా. నోరు తెరుచుకుని. అదెప్పుడొస్తుందా అని చూస్తూనే కూర్చున్నా. రాలేదేం?"

"తీసేశానత్తయ్యా."

"అయ్యో, ఉంచమన్నానుగా. నేను ఎవరితో మాట్లాడుతున్నానో తెలిసేది ఆ ఒక్కచోటే కదే." భుజానికి తగిలిన సూటుని పక్కకి నెట్టింది. "ఎవరు తియ్యమన్నారు?"

చెప్పొచ్చు. ఒక్క పేరు చెబితే చాలు. ఎదురుగా మా ఆయన, పక్కన ఆవిడ, వినడానికి ఇద్దరూ సిద్ధంగానే ఉన్నారు. కానీ తీసింది నా చేతులే, తీసి మురిసిపోయింది నేనే.

"ఎవరూ తియ్యమనలేదు," అన్నాను. "పొరపాటులా కనిపిస్తోందని నేనే తీసేశాను."